అగ్గిపుల్ల కొనకు అంటినంత గ్రీజు

పోయిన వారం మా అన్న కూతురు విరుదునగర్ నుంచి తన పాత నల్ల కారులో కోవిల్‌పట్టికి వచ్చి, దిగీ దిగగానే నా చేతిలో చిన్న గ్రీజు ట్యూబు పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌కు ఇది పనికొస్తుందా సిన్నాయనా అని అడిగింది. మామూలు ప్రశ్నే. కాని నాకు ఆ ట్యూబు మూత తీయడానికి ధైర్యం చాలలేదు. బతుకంతా మెకానిక్ పని చేసిన డెబ్బై నాలుగేళ్ళ ముసలివాడికి గ్రీజంటే భయమేమిటని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి, ఆ భయం మాత్రం దాదాపు యాభై ఏళ్ళుగా నాతోనే ఉంది.

పాత బండ్లు నడిపిన మన ఈడువాళ్ళకు డిస్ట్రిబ్యూటర్ సంగతి తెలిసిందే. ఇంజనుకు నిప్పురవ్వ పంచిపెట్టే ఆ డబ్బాలో క్యామ్ అనే చిన్న మూలల ఇరుసు గిర్రున తిరుగుతూ ఒక ఫైబరు ముక్కను నెడుతుంటే, పాయింట్లనే రెండు లోహపు మొనలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి. ఫైబరు అరగకుండా క్యామ్‌కు గ్రీజు రాయాలి. అయితే అది వేడికి కరగని గట్టి గ్రీజు కావాలి, అదీ పిసరంతే రాయాలి. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, ఇక నిప్పురవ్వ రాదు, బండి కదలదు. నాకు పని నేర్పిన మేస్త్రి ఆ గ్రీజును విరుదునగర్ నుంచి పసుపుపచ్చ డబ్బాలో తెప్పించేవాడు. సాత్తూరు అగ్గిపెట్టెల పనివాళ్ళ దగ్గర మందు ముంచని పుల్లలు గుప్పెడు తెచ్చుకుని, పుల్ల కొనకు ఎంత అంటితే అంతే రాసేవాడు, అంతకు మించి రాస్తే మా వేళ్ళ మీద స్పానరుతో ఒక్కటిచ్చేవాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పనంతా వచ్చేసిందన్న పొగరు. మేస్త్రి ఏదో పెళ్ళికి అరుప్పుకోట్టై వెళ్ళినప్పుడు, పత్తి వ్యాపారి ఒకాయన తన నల్ల కారును షెడ్డుకు పంపాడు. చూస్తే పసుపు డబ్బా ఖాళీ. విరుదునగర్ వెళ్ళి రావడానికి బద్ధకమేసి, ఇంటికి పోయి మగ్గం గ్రీజు తెచ్చాను. మాది నేతపని కుటుంబం, ఇంట్లో రెండు పవర్‌లూములు ఆడేవి, మా వదిన కూడా రోజూ ఒకదాని ముందు నిలబడేది. మగ్గం ఎండితే నూలు తెగుతుందని మా నాయన ఎప్పుడూ అంటుండేవాడు గనుక, గ్రీజు పెట్టడంలో మా ఇంటిల్లిపాదిదీ ధారాళమైన చెయ్యే. ఆ అలవాటు కొద్దీ నేనూ మెత్తటి ఆ గ్రీజును వేలితో తీసి క్యామ్ చుట్టూ దట్టంగా పట్టించాను. బండి బ్రహ్మాండంగా స్టార్టయింది, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు చిత్తిరై నెల ఎండలో, పట్టపగలు, మా అన్న షెడ్డుకు పరుగెత్తుకొచ్చాడు. వదినకు తెల్లవారి నుంచి నొప్పులట, బిడ్డ అడ్డం తిరిగిందట, ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు, వెంటనే విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని నర్సమ్మ చెప్పిందట. కారు కోసం వచ్చిన వ్యాపారి మారుమాట లేకుండా కారు తీసుకుపొమ్మన్నాడు. నేను స్టీరింగు పట్టాను, అన్న నా పక్కన, వెనక మా అమ్మ ఒడిలో తల పెట్టుకుని వదిన.

ఊరు దాటి ఏడెనిమిది మైళ్ళు పోయామో లేదో, ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. మొదటి దగ్గుకే నాకు తెలిసిపోయింది. ఇంకో ఫర్లాంగు ఈడ్చుకుంటూ పోయి బండి ఆగిపోయింది. రెండు వైపులా ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగడి, చెట్టు లేదు, మనిషి లేడు. ఆ పూటకున్న ఒక్క బస్సూ కాసేపటి ముందే మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

"ఏమాయెరా? సెప్పరా!" అన్నాడు అన్న.

"ఎండకు వేడెక్కిందన్నా, అయిదు నిమిసాలు," అన్నాను. పచ్చి అబద్ధం.

బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపలంతా నా నిర్వాకమే. మగ్గం గ్రీజు నీళ్ళలా కారి పాయింట్ల మీద నల్లగా పేరుకుంది. వెనక సీట్లోంచి వదిన అరుపు వినిపిస్తుంటే తువ్వాలు పెట్రోలులో తడిపి తుడిచాను. అగ్గిపెట్టె గీకే పక్కతో పాయింట్లు రుద్దాను, అట్టముక్క పెట్టి వాటి మధ్య సందు చూసుకున్నాను. ఆ తర్వాత అసలు భయం పట్టుకుంది. క్యామ్‌ను పొడిగా వదిలేస్తే ఫైబరు అరిగి సందు మూసుకుపోతుందేమో, దారిలో మళ్ళీ ఆగితే వదిన ఏమవుతుంది? మగ్గం గ్రీజే మళ్ళీ రాస్తే అది మళ్ళీ కారదా? అప్పుడు కనబడింది, ఫైబరు ముక్క వెనక మేస్త్రి ఎన్నడో పెట్టిన పసుపు డబ్బా గ్రీజు, నేను తొందరలో తుడవకుండా వదిలేసిన రవ్వంత. చుట్టూ పెట్రోలు వాసన గనుక అగ్గిపుల్ల తల విరిచి దూరంగా పారేసి, ఆ రవ్వంతా కొనతో ఎత్తి క్యామ్‌కు రాశాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు గాని, అప్పటికి ఏడుస్తున్నాను.

నల్లబడ్డ తువ్వాలును వెనక సీటు కింద పడేస్తుంటే వదిన నా మణికట్టు పట్టుకుంది. "బయపడొద్దు తంబీ, నేను ఓర్సుకుంటా, నువ్వు మెల్లిగా పో," అంది. చచ్చిపోతుందేమోనని నేను వణికిపోతున్న మనిషి నాకు ధైర్యం చెప్పింది.

బండి కదిలింది. సాత్తూరు వంతెన మీద చక్రం గతుకులో పడ్డప్పుడల్లా ఇంజను మళ్ళీ దగ్గుతుందేమోనని చెవి ఒగ్గాను. ఆసుపత్రి వసారాలో రెండు గంటలు గోడకు ఆనుకుని నిలబడ్డాను, కూర్చోవడానికి కూడా భయమే. చివరికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమమన్నారు. నడిరోడ్డు మీద బండి బాగుచేసి ప్రాణాలు నిలిపావురా అని అన్న నన్ను కావలించుకున్నాడు. అప్పుడే చెప్పాల్సింది, నాలుక లేవలేదు. ఆ తర్వాత చుట్టాలు నలుగురు కూడితే చాలు, వదిన నన్ను చూపించి, మా మరిది లేకపోతే నేను లేను అనేది. అసలు బండి ఎందుకు ఆగిందని ఎవరైనా అడుగుతారేమోనని బెదిరి నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాణ్ణి. అలా ఎన్ని పెళ్ళి భోజనాల్లో సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచిపోయానో లెక్కలేదు.

ఆనాడు పుట్టిన పిల్లే ఈ గ్రీజు ట్యూబు తెచ్చింది. తన పుట్టుకతో ముడిపడ్డ బండి అని, ఆ వ్యాపారి ఇంటివాళ్ళు అమ్ముతుంటే రెండేళ్ళ కిందట అదే నల్ల కారును ముచ్చటపడి కొనుక్కుంది. వదిన పోయిన ఏడాది కాలం చేసింది. ట్యూబు తిప్పి తిప్పి చూస్తూ, ఇది సరైనదే, కాని ఎవరైనా కుర్ర మెకానిక్ దగ్గర పెట్టించుకోమ్మా, నా చేతులు వణుకుతున్నాయి అన్నాను.

"లేదు సిన్నాయనా, నీ దగ్గరే పెట్టించమని అమ్మ సెప్పింది. ఆయన ఒక్కసారి జాస్తి పెట్టేసినాడు, ఇంక జన్మలో అట్లా పెట్టడు అనింది."

అమ్మకెట్లా తెలుసని అడిగాను.

"నువ్వు సీటు కింద పడేసిన తువ్వాలు మగ్గం గ్రీజు వాసన కొట్టిందంట. దినమూ ఆ వాసనలోనే ఉండే అమ్మకు తెలవదా?"

అంటే నా మణికట్టు పట్టుకున్నప్పుడే ఆమెకు తెలుసు. తెలిసే అన్నేళ్ళూ నలుగురిలో నన్ను పొగిడింది. ఒక్కసారి ఆమె ముందు కూర్చుని తప్పయిపోయింది వదినా అనడానికి నాకు యాభై ఏళ్ళు చాలలేదు, ఇప్పుడు చెప్పుకుందామంటే మనిషి లేదు.

ఇప్పటి బండ్లలో పాయింట్లూ లేవు, క్యామ్‌కు గ్రీజు రాసే పనీ లేదు. బండి ఆగితే యంత్రం తగిలిస్తారు, తప్పెక్కడుందో అదే చెబుతుంది. ఆ రోజుల్లో మనిషే నోరు తెరిచి చెప్పాల్సి వచ్చేది, నేను తెరవలేదు. మందు ముంచని పుల్లలు కూడా ఇప్పుడెక్కడ అడగాలో తెలియక, అన్న కూతురు తెచ్చిన అగ్గిపెట్టెలోంచి ఒక పుల్ల తీసి తల విరిచాను. కొనకు అంటినంతే గ్రీజు తీశాను. చెయ్యి వణుకుతూనే ఉంది, వణుకుతూనే రాశాను.