అడుగుల చప్పుడు పోయిన పది రోజులు

పిడుగురాళ్లలో నేను చేసిన మొదటి ఉద్యోగానికి జీతం లేదు. నా ఎం.సి.ఏ. పూర్తయ్యే వేళకి కంప్యూటర్ ఉద్యోగాలకు తెగులు తగిలింది. ఇంట్లో ఏం చేస్తున్నావని అడిగితే "వెతుకుతున్నాను" అనేవాణ్ణి. వెతకటానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి బస్టాండు వెనక సందులో ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. దాని యజమానిని అందరూ భాయ్ అనేవారు. అంతకుముందు ఆయన అదే గదిలో రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగుచేసేవారు. ఆరు కంప్యూటర్లు నేను చూసుకోవాలి, బదులుగా ఏడోది నేను వాడుకోవచ్చు. మా ఒప్పందం అంతే.

సాయంత్రం ఆరు దాటితే ఆ ఆరింటి మీదా యుద్ధం మొదలయ్యేది. అది ఉచితంగా దొరికే సైనికుల ఆట. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. గుండు తగిలి చచ్చినవాడు ఆ రౌండ్ అయ్యేదాకా బతికున్నవాడి వెనక నిలబడి సలహాలివ్వాలి. ఆ ఆటలో తుపాకీకంటే చెవులు ముఖ్యం. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గోడ అవతల బూట్ల చప్పుడు వినపడేది, గ్రెనేడ్ దొర్లుకుంటూ వస్తుంటే వినపడేది. అది విని పక్కకి తప్పుకున్నవాడు బతికేవాడు.

ఆడేవాళ్లలో ఎక్కువమంది పత్తి, మిర్చి రైతుల కొడుకులు. వాళ్లకి నాయకుడు డిగ్రీ రెండో సంవత్సరాన్ని రెండోసారి చదువుతున్న ఒక కుర్రాడు. కెప్టెన్ అని పేరు తనే పెట్టుకున్నాడు. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ముందు అతని మాట పూర్తవ్వాలి.

రైతుల ఇళ్ల నుంచి రానివాడు ఒక్కడే ఉండేవాడు. ముప్పై దాటని మనిషి, ఊరి బయట సున్నపురాయి క్వారీలో కంప్రెసర్ మిషనుతో రాతికి బెజ్జాలు వేసే పని. మేమంతా క్వారీ అన్న అనేవాళ్లం. ఆయన వేసిన బెజ్జాల్లో మందు కూరి రోజూ నాలుగింటికి పేల్చేవారు. పేల్చేముందు మేస్త్రీ మూడుసార్లు విజిల్ ఊదుతాడు, మూడో విజిల్‌కల్లా అందరూ గుట్ట వెనక్కి చేరాలి. ఈ సంగతి ఆయనే ఒకసారి నాతో చెప్పాడు, మాచర్ల బస్సు ఎన్నింటికో చెప్పినట్టు.

క్వారీ అన్న చాలా గట్టిగా మాట్లాడేవాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు గట్టిగా మాట్లాడటం లోపం కాదు, మెల్లగా మాట్లాడేవాణ్ణే అనుమానిస్తారు.

ఒక శనివారం ఆ ఆటకి కొత్త వెర్షన్ వచ్చింది. మా ఫోన్ లైన్ మీద దాన్ని దింపుకోవాలంటే పత్తి గింజ వేసి తీత మొదలయ్యేంత కాలం పడుతుంది. అందుకని గుంటూరు వెళ్లి తెలిసినవాడి దగ్గర సీడీ రాయించుకొచ్చాను. పాతది తీసేసి ఆరింటిలోనూ కొత్తది ఎక్కించాను. పాత సీడీని కెప్టెన్ తీసుకుపోయి, వాళ్ల జొన్న చేలో పిట్టలు రాకుండా పురికొసతో వేలాడదీశాడు. అలా వెనక్కి తిరిగే దారి పొలంలో గాలికి తిరుగుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మొదటి రౌండ్‌లోనే కేకలు మొదలయ్యాయి.

"ఒరేయ్, నా సైనికుడు మోకాళ్లదాకా భూమిలో దిగాడ్రా! నాట్లేస్తన్నాడా ఏంది?"

"తలుపు తీసే ఉంది గదా, లోపలికి పోనీట్లేదేందిరా?"

"మండలాఫీసనుకున్నాడేమో ఆట రాసినోడు."

ఇవి నవ్వుకునే తప్పులు. నవ్వలేనిది రెండో రౌండ్‌లో బయటపడింది. తుపాకులు మోగుతున్నాయి కానీ అడుగుల చప్పుడు పోయింది. గ్రెనేడ్లు పిల్లుల్లా వచ్చి పక్కన కూర్చుంటున్నాయి. ఒక్కొక్కడే చచ్చి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద కొట్టి, నా వైపు తిరిగాడు.

"ఏం తెచ్చావు సామీ గుంటూరు నుంచి?" అన్నాడు కెప్టెన్. "నకిలీ సరుకు అంటగట్టార్రా నీకు! లాట్ నంబర్ చూశావా?"

భాయ్ వచ్చి వైర్లన్నీ కదిపి చూశారు. ఇరవై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి కాబట్టి, ఒక కంప్యూటర్‌ని పక్కనుంచి చరిచి కూడా చూశారు. తప్పు ఆటదా, నేను ఎక్కించటంలో చేసిందా తెలియదు. ఎందుకైనా మంచిదని "ఇది ఆటలో ఉన్న తప్పే" అని గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్పిందాన్ని నమ్మటం మా ఊళ్లో మర్యాద.

అప్పుడు చూశాను. మూల కంప్యూటర్ దగ్గర క్వారీ అన్న ఇంకా తెర ముందే ఉన్నాడు, హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. ఆ రౌండ్‌లో అవతలి ముగ్గురినీ తనొక్కడే పడగొట్టాడు. అరగంటగా వరసగా గెలుస్తున్నది కూడా ఆయన వైపే.

కెప్టెన్ వెళ్లి భుజం తట్టాడు. "అన్నా, నీకు వస్తందా అడుగుల సౌండు?"

"ఏందీ?"

"అడుగులన్నా! బూట్ల చప్పుడు! మాకెవరికీ రావట్లా!"

క్వారీ అన్న మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. ఎవరికీ తెలియనంత చిన్న ఆలస్యం. నాకు మాత్రం తెలిసింది.

"ఆఁ... నాకూ రావట్లేదురా. ఎక్కడి దరిద్రపు సీడీ ఇది!" అని హెడ్‌ఫోన్లు తీసి, బోర్లించి, విదిలించాడు. ఆ సాయంత్రం అందరికంటే ఎక్కువగా తిట్టింది ఆయనే. అరగంట ఆలస్యంగా మొదలుపెట్టి ఆ స్థానం సంపాదించాడు.

మర్నాడు అర్జీ రాయాలని తీర్మానం అయింది. ఆ కుర్రాళ్ల ఇళ్లలో మొలవని పత్తి విత్తనాల మీద అర్జీలు పెట్టిన అనుభవం దండిగా ఉంది. ఖాళీ సంచీ పారేయకూడదు, లాట్ నంబర్ ఉండాలి, అధికారి స్వయంగా వచ్చి పంచనామా చేయాలి. ఆ లెక్కనే సీడీ కవరుని స్కాన్ చేశాం. ఆరుగురి సంతకాలూ స్కాన్ చేశాం. దీన్నంతా ఆ ఆటవాళ్ల వెబ్‌సైటులో ఇంగ్లీషులో పెట్టే బాధ్యత నాది.

"నష్టపరిహారం కూడా అడుగు," అన్నాడు కెప్టెన్.

"ఉచితంగా ఇచ్చిందానికి నష్టపరిహారం ఏంటిరా?"

"ఉచితంగా ఇచ్చిన విత్తనమైతే మాత్రం? మొలవకపోతే చేను ఖాళీగా ఉండదా?"

అదీ రాశాను.

సంతకాలయ్యాక క్వారీ అన్నని అడిగాను, ఇంకేమైనా చేర్చాలా అని. ఆయన నా మొహంలోకి చూసి, "నీడలు," అన్నాడు. "మనిషి నీడ కాళ్లకి అంటుకోవట్లా. జానెడు పక్కకి పడతంది. అది రాయి."

మిగతా అయిదుగురూ పోయి తెర మీద చూశారు. నిజమే. అంతవరకూ ఒక్కరూ గమనించలేదు. ఆయన గోడ మూల దాటి వచ్చే నీడని చూసి కాలుస్తున్నాడు. ఎన్నాళ్లుగానో అలాగే ఆడుతున్నాడు. మిగతావాళ్లంతా చెవులతో ఆడుతున్నారన్న సంగతి బహుశా ఆయనకి నిన్ననే తెలిసింది.

అక్కణ్ణించి నాకు నాలుగు గంటల భయం పట్టుకుంది.

నాలుగింటికి క్వారీలో పేలుడు మా సందులోకి వినపడేది. కిటికీ అద్దాలు ఒకసారి వణికేవి, బల్ల మీద సీడీ డబ్బాలు కదిలేవి. మూడేళ్లుగా దాన్ని గడియారం సరిచేసుకోవటానికి వాడుకున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు కాగానే పని వదిలేసి వాకిలి కేసి తిరిగేవాణ్ణి. దానికి ముందు మూడు విజిళ్లు మోగి ఉంటాయి. ఆయనకి ఎన్ని వినపడ్డాయి? ఆరుంబావుకి కనుబొమల మీద సున్నపు పొడితో ఆయన గుమ్మంలో కనపడేదాకా నేను చేసే పనంతా తప్పుల తడక.

"ఏందయ్యా, పెళ్లిచూపులకి వస్తన్నారా ఎవరన్నా?" అని భాయ్ అడిగారు. "వాకిలి కేసి అట్టా చూస్తన్నావు?"

మేస్త్రీకి చెబితే ఆయన పని పోతుంది. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, వచ్చిన పని ఇదొక్కటే. చెప్పకపోతే ఏమవుతుందో ఊహించటానికి ఎం.సి.ఏ. అక్కర్లేదు. చెప్పకుండా ఉండటం సులువు. అందులో నాకు అనుభవం కూడా ఉంది. పైగా నేను పొరబడ్డానేమో! ఆటలో లీనమై గమనించలేదేమో! ఈ "ఏమో"ని పట్టుకుని వారం గడిపాను.

పదో రోజున ఆటవాళ్లు చిన్న సవరణ ఒకటి విడుదల చేశారు. ఫోన్ లైన్ మీద ఒక పూటలో దిగింది. అప్పుడు నేను గర్వపడలేని పని ఒకటి చేశాను. అయిదు కంప్యూటర్లలో సవరణ ఎక్కించి, మూలది వదిలేశాను.

సాయంత్రం అందరూ వచ్చారు. అడుగులు వినపడగానే కెప్టెన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "వచ్చిందిరా సౌండు! మన అర్జీ దెబ్బ!"

నేను మూలకి వెళ్లాను. "అన్నా, నీకెలా ఉంది? అడుగులు వస్తున్నాయా?"

ఆయన కెప్టెన్ చప్పట్లు చూశాడు. నన్ను చూశాడు. "బ్రహ్మాండంగా! ముందుకంటే బాగుంది," అన్నాడు.

ఆ కంప్యూటర్‌లో అడుగుల చప్పుడు లేదు. నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. పరీక్ష పెట్టినవాడు ఫెయిలైనట్టుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మూలదాంట్లో కూడా సవరణ ఎక్కించాను. ఆ వచ్చిన ఆదివారం క్వారీకి సెలవు. బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర ఆయనకి ఎదురుగా, పెదాలు కనపడేలా కూర్చున్నాను.

"అన్నా, మొన్న నీ కంప్యూటర్‌లో సవరణ ఎక్కించలేదు నేను."

"ఏ రోజు?"

"బ్రహ్మాండంగా ఉందన్నావే, ఆ రోజు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వెనక బస్సు హారన్ కొట్టింది. దానికి తల తిప్పాడు. పెద్ద మోతలు అందుతాయన్నమాట.

"పరీక్ష పెట్టావా?"

"పెట్టాను."

"ఎన్నొచ్చినయ్ మార్కులు?"

టీ కొట్టువాడికి వినపడకుండా నేను ముందుకి జరిగి కూర్చున్నాను.

"ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. భాయ్‌కి కూడా."

"విజిల్ పోయి రెండేళ్లయింది," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడటం విన్నాను. "సన్న చప్పుళ్లు ముందు పోయినయ్. మేస్త్రీ బుగ్గలు చూస్తా. ఉబ్బితే లేస్తా."

"మేస్త్రీ నీ వెనక ఉంటే?"

"పక్కనోడు లేస్తే లేస్తా."

"పక్కన ఎవరూ లేకపోతే?"

"అందుకే ఎప్పుడూ ఎవడో ఒకడి పక్కనే ఉంటా. కలుపుగోలు మనిషినంటారు అందరూ."

డాక్టరు, చెవి మిషను అని ఏదో మొదలుపెట్టాను. "చెవిలో మిషను పెట్టుకుని పొద్దున లోపలికి పోతే, సాయంత్రానికి గేటు బయటుంటా," అన్నాడు. తర్వాత ఖాళీ గ్లాసుని ఇంకోసారి తాగి, అసలు సంగతి ఆయనే అందుకున్నాడు.

"తమ్ముడూ, ఆ ఆటోళ్లకి రాశావు గదా అర్జీ. అట్టాంటిదే ఒకటి రాయి. కంప్రెసర్ మోతలో విజిల్ ఎవడికీ వినపడట్లేదని రాయి. ఎర్ర జెండా కూడా ఎత్తాలని."

"ఎవరికీ వినపడట్లేదనా?"

"అందరికీ పోయిందంటే, నాకు పోయిందని ఎవడికి తెలుస్తది?"

నేను రాసినవాటిలో మంచి అర్జీ అదే. తెలుగులో, ఒకటిన్నర పేజీ. పదకొండుమంది కూలీల సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. చదివి వినిపిస్తే అందరూ అవునవునన్నారట. మిషను ఆడుతుంటే నిజంగానే సరిగా వినపడటం లేదన్నవాళ్లు ముగ్గురు తేలారట. ఆయన నాలుగోవాడిగా సంతకం పెట్టాడు, మొదటా కాదు, చివరా కాదు. ఖర్చు లేని కోరిక కాబట్టి కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. మేస్త్రీ ఇంటి నుంచి పాత ఎర్ర చీర ముక్క వచ్చింది, వెదురు బొంగు దొరికింది. ఆటవాళ్ల నుంచి మాత్రం మా మొదటి అర్జీకి జవాబు రాలేదు. వేరే ఏదో దేశంలో అదే ఆట ఆడేవాడొకడు, వెబ్‌సైటులో మా అర్జీ కింద, పంచనామా అంటే ఏమిటని అడిగాడు.

జెండా మొదలైన రోజు నేను భాయ్ సైకిల్ తీసుకుని క్వారీ రోడ్డు మీదికి వెళ్లాను. దూరంగా తుమ్మచెట్టు కింద ఆగాను. నాలుగు కావస్తోంది. పక్క గట్టు మీద క్వారీ అన్న మిషను మీదికి వంగి పనిచేస్తున్నాడు. ఎర్రగుడ్డ లేచింది. సరిగ్గా ఆయన వీపు వెనక.

విజిల్ నాకు ఆ దూరానికి కూడా అందింది. ఒకటి. కూలీలు నడవటం మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన పక్కన ఎవరూ లేరు. రెండు. అరవబోయాను. ఎవరికని అరవాలి? అర్జీలో "జెండా అందరికీ ఎదురుగా ఉండాలి" అని రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన తలెత్తాడు. ఎడమకి, కుడికి, వెనక్కి. కంగారు లేదు, ఆటలో గోడ మూల దగ్గర చూసినట్టే చూశాడు. జెండా చూసి, మిషను ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుని, అందరి వెనకా నడిచి గుట్ట చాటుకి పోయాడు. మూడో విజిల్ ఆ తర్వాత పడింది. పేలుడు అయ్యాక నేను సైకిల్ ఎక్కి మా సందుకి తిరిగొచ్చాను.

ఆరుంబావుకి నెట్ సెంటర్‌కి వచ్చాడు. మూల కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నన్ను దగ్గరికి పిలిచాడు.

"వచ్చావుగా ఇయ్యాల?"

"ఎవరు చెప్పారు?"

"చెట్టు నీడలోంచి సైకిల్ నీడ బయటికొచ్చింది," అన్నాడు తెర మీంచి కళ్లు తీయకుండా. "ఇన్నాళ్లు ఆట చూసి కూడా దాక్కోటం రాలేదురా నీకు. జెండా సంగతి మేస్త్రీకి చెప్పా. రేపణ్ణించి ఎదురుగట్టు మీద పాతతాడు."