చెరువు అడుగు నన్ను పట్టుకున్న రోజు

కిందటి ఎండాకాలం సంగతి. వరంగల్‌లో పరిశోధన చేస్తున్న నేను, మా సీనియర్ సునీతక్క కలిసి నర్సంపేట దగ్గర ఎండిపోయిన ఓ చెరువుకు వెళ్లాం. చెరువు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మట్టి వయసు తెలిస్తే, ఏ కాలంలో వానలు బాగా కురిశాయో, ఎప్పుడు కరువొచ్చిందో చెప్పొచ్చు.

పొద్దుటి నుంచి కష్టపడి పొడవాటి పైపు దించి మట్టి తీశాం. మట్టి నిండిన ఆ పైపును చెరో కొస పట్టుకుని మోసుకొస్తుంటే నెర్రెలు బారిన నేల నా కింద విరిగింది. నడుము దాకా బురదలో దిగిపోయాను. కాళ్లు ఆడించిన కొద్దీ ఇంకా లోపలికి పోతున్నాను. కింద గట్టి నేల తగలడం లేదు. కనుచూపు మేరలో మరో మనిషి లేడు.

“కదలకు రమ్యా, జర ఆగు. ముందుకు ఒరుగు, పండుకున్నట్టు,” అంటూ అక్క బోర్లా పడుకుని పాకుతూ వచ్చింది. ఆ పైపునే నా ముందు అడ్డంగా తోసింది.

“అక్కా, పైపు పలుగుతది. నీ మట్టంత పాడైతది.”

“పోతే మళ్ల తీస్తం. నువ్వు గట్టిగ పట్టుకో.”

పైపు పగిలింది కానీ నేను బయటపడ్డాను. ఒడ్డుకు చేరాక అక్క పగిలిన పైపు వైపు చూడకుండా ముందు నా ముఖం మీది బురద తుడిచింది.

తర్వాత మళ్లీ తీసిన మట్టిలోని బొగ్గు ముక్కలను పరీక్షిస్తే, నా కాళ్లు దిగిన లోతు కాకతీయుల కాలం నాటిదని తేలింది. ల్యాబులో అందరూ సంబరపడ్డారు. అక్కడ నేనూ ఒక పొరనై మిగిలిపోయేదాన్నన్న తలపుకే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

– రమ్య, వరంగల్