మిరపకాయల మీద పడ్డ పిల్ల

పెరటి గోడకున్న పిచ్చుకల పెట్టె మా పాత టేకు సందుగ మూతతో చేసింది. ఎప్పుడైనా పనికొస్తుందని ఆ చెక్కను ఏళ్ల తరబడి దాచాను. నా కొడుకు అడగకుండా కోసి, తన కూతురికి మరాఠీ బడిలో ఇచ్చిన పని కోసమని పెట్టె చేశాడు. చెక్క పోయిందన్న కోపం నాకు మొదటి రోజు నుంచే ఉంది. అది దాచి మిగతాది చెప్పలేను.

ఎండలు ముదిరేసరికి పెట్టెలో మూడు పిల్లలు. మనవరాలు రోజూ వాటిని చూసి వహీలో, అదే బడి నోటుబుక్కులో, మరాఠీలో రెండు వాక్యాలు రాసుకునేది. పిల్లలు ఎదిగి కంతలోంచి తలలు బయటపెట్టసాగాయి. తల్లి పురుగును ముక్కున పట్టి ఎదురుగా దండెం మీద కూర్చునేది, దగ్గరికి తెచ్చేది కాదు. ఒక పిల్ల సగం దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి జరిగేది. మూడు రోజులు ఇదే తంతు.

కింద నా మిరపకాయలు ఎండుతున్నాయి. మా పెరట్లో పొద్దంతా ఎండ ఉండే చోటు అదొక్కటే. రెట్టలు పడుతున్నాయి, పెట్టె దించమన్నాను.

"నాలుగు దినాలు ఆగు బాపమ్మా. చిన్నదానికి ఇంక రెక్కలు సరిగ రాలె" అంది మనవరాలు.

తినడానికి మాత్రం నోరు బాగానే వచ్చిందని గొణిగాను.

ఆమె బడికి పోగానే చీపురు కట్టె తిరగేసి పెట్టెను రెండుసార్లు కొట్టాను. మూడూ ఒక్కసారే బయటపడ్డాయి. రెండు ఎట్లాగో గోడ దాటాయి. మూడోది మిరపకాయల మీద పడి కొట్టుకుంది. నేను వంగేలోపే పక్కింటి పిల్లి కరుచుకుపోయింది. ఆ తర్వాత రెట్ట పడ్డ కాయలు ఏరి, కడిగి, మళ్లీ ఎండకు పోశాను. అది కూడా చేశాను.

మధ్యాహ్నం మనవరాలు వచ్చి అడిగితే మూడూ ఎగిరిపోయాయన్నాను.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

ఆ మాటే వహీలో రాసింది. కింద చూసినవాళ్లతో సహీ, అంటే సంతకం, పెట్టించాలని వాళ్ల సారు చెప్పాడట. నేను చదివింది రెండో తరగతి, పేరు మాత్రం రాయగలను. రాశాను. పెన్సిల్ పోగొట్టి అబద్ధమాడిందని ఈ పిల్లనే ఒకసారి పూటంతా అన్నం పెట్టకుండా గోడ దగ్గర నిలబెట్టిన మనిషిని నేను.

మర్నాడు పొద్దున తొడిమలు తీస్తున్నాను. తల్లి పిచ్చుక పురుగుతో వచ్చి కంతలో తల పెట్టింది, బయటికి తీసింది, మళ్లీ పెట్టింది. మనవరాలు చాలాసేపు చూసింది.

"మూడు పోతే ఇది ఎవరికి తెచ్చింది బాపమ్మా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటని చెప్పొచ్చు, ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ కట్టె సంగతి, పిల్లి సంగతి చెప్పేశాను. ఆమె ఏడవలేదు. లోపలికి పోయి వహీ, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే కొట్టెయ్. సహీ నీదే గద."

కొట్టేశాను. అప్పుడు నెమ్మదిగా అడిగింది: "బాపమ్మ కట్టెతోటి కొట్టింది అని రాయాల్నా? సారు అందరి ముంగట చదువుతడు."

"రాయి."

రాసింది. కింద మళ్లీ నా పేరు రాశాను. చేతికున్న మిరప ఎరుపు కాగితానికి అంటింది, చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయి. పైన కొట్టేసిన సహీ మాత్రం తిన్నగా ఉంది. అబద్ధానికి పెట్టినప్పుడు నా చెయ్యి వణకలేదు.