మేనత్త రంగుల బొంత

గుడ్డముక్కలు దాచుకుంటానని మా ఇంట్లో ఇప్పటికీ నన్ను వేళాకోళం చేస్తారు. చేసుకోండి. మంచం కింద రెండు గోతాలు నిండాయి, మూడోది మొదలుపెట్టాను. జాకెట్టు కుట్టగా మిగిలిన చేతిముక్క, పాత లంగా అంచు, చిరిగిన లుంగీలో చిరగని భాగం, ఏదీ పారేయను. ఇది పీనాసితనం అనుకునేవాళ్ళకి మా మేనత్త బొంత సంగతి తెలియదు.

మేనత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోయి, మాచర్ల నుంచి వెల్దుర్తి పోయే దారిలో ఉన్న మా ఊరికి, పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేనాటికి ఆమెకు ముప్పై దాటలేదు. తెల్లచీర, బోసి నుదురు, బోసి చేతులు. పండక్కీ పబ్బానికీ వంటింటి వెనక గదిలోనే ఉండాలి, ఎవరికీ ఎదురు రాకూడదు. ఈ ఆంక్షలన్నీ పెట్టింది అత్తింటివాళ్ళు కాదు, కన్నతల్లే, అంటే మా నాయనమ్మ. తాతయ్య బతికే ఉన్నాడు గనక నాయనమ్మ నుదుట ఇంత కుంకుమ ఉండేది. ఆ కుంకుమ దిద్దుకున్న ముఖంతోనే కూతుర్ని వెనక గదిలోకి పొమ్మనేది. అప్పుడు నాకు ఒళ్ళు మండేది.

సాగర్ డ్యాం పనులు మొదలైన రోజులవి. ఎక్కడెక్కడి మనుషులో మాచర్లలో దిగారు. బజార్లో మిషను కుట్టే సాయిబుకి తీరిక లేకుండా పోయింది. ఆయన కాళ్ళ దగ్గర కత్తిరింపు ముక్కలు గుట్టగా పడేవి. మేం ఊళ్ళో ఎన్నడూ చూడని పూలు, గళ్ళు, చారలు, పనివాళ్ళ నిక్కర్ల ఖాకీ, ఎవరి పెళ్ళి జాకెట్టుదో ఎర్రపట్టు. నాన్నతో సంతకి పోయినప్పుడల్లా నేను ఆ గుట్ట ముందు కూర్చునేదాన్ని.

"ఏం చేసుకుంటావు పిల్లా?" అని అడిగాడు సాయిబు.

"మా అత్తకి," అన్నాను.

ఆయన తర్వాత నుంచి మంచి ముక్కలు మిషను నూనె తుడవడానికి వాడకుండా, విడిగా సంచిలో వేసి ఉంచేవాడు.

వెనక గదిలో మేనత్త బొంత పరిచింది. కింద తన పాత తెల్లచీరలు మడతలు వేసి, కదలకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పైన రంగుముక్కలు పేర్చి, అంచుల్ని గోటితో లోపలికి మడిచి కుట్టుకుంటూ పోయింది. మా ఇంట్లో నేలంతా నాపరాళ్ళే. రాయికీ రాయికీ మధ్య, బొంత కిందనుంచి వేలికి తగిలే గీత వెంబడే ఆమె సూది నడిచేది. అందుకే మేనత్త కుట్టు తాడు పట్టి కొలిచినట్టు ఉండేది. దారం కూడా కొన్నది కాదు, పాతచీర అంచుల్లోంచి పోగులు లాగి పేనింది. సూదిలోకి దారం ఎక్కించడం నా పని.

బొంత సగమయ్యాక నాయనమ్మ చూసింది. చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందే ఇది? నీకు రంగులేంది?"

"చీర కట్టుకోవద్దన్నావు, కట్టుకోలా," అంది మేనత్త తల ఎత్తకుండా. "కప్పుకోవద్దని ఎప్పుడన్నావు?"

అంత తెలివి గల మాట పుట్టడానికి మేనత్తకి ఇన్నేళ్ళ కోపం కావాల్సి వచ్చింది. చివరికి నాయనమ్మ ఒక్కటే అంది: "పరాయోళ్ళ కంటబడిన రోజు దీన్ని నీళ్ళపొయ్యిలో పెడతా. నా మాట గుర్తుపెట్టుకో."

ఆ రోజు నుంచి బొంత గది దాటలేదు. పగలు పెట్టెలో, రాత్రి మేనత్త మీద. నేను ఆమె పక్కన పడుకుని, ఏ ముక్క ఏ సంతనాడు తెచ్చానో వేలు పెట్టి చూపించేదాన్ని. ఆమెకంటూ ఉన్న వస్తువు అదొక్కటే.

అది బయటికొచ్చింది మా అక్క పెళ్ళికి. మగపెళ్ళివారు ముందురోజే బళ్ళమీద దిగారు. అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు, చలి ఇంకా పోలేదు, ఇంట్లో దుప్పట్లన్నీ అయిపోయాయి. పెళ్ళికొడుకు నాయనమ్మ వసారాలో ముడుచుకుని దగ్గుతోందని అమ్మ కంగారు పడింది. మేనత్త పెట్టె తెరిచి, బొంత తీసి నా చేతుల్లో పెట్టింది.

"అత్తా, నాయనమ్మ చూసిందంటే..."

"చూడనీ. ముసలామె వణుకుతుంటే నేను వెచ్చగా పడుకోవాల్నా? తీసకపో."

తెల్లారేసరికి ఆ బొంత చుట్టూ ఆడవాళ్ళు మూగారు. పెళ్ళికొడుకు తల్లి అంచు పట్టుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఆమెకు తెగ నచ్చింది. ఇన్ని రంగులు పేర్చి కుట్టిందంటే పసుపుకుంకాలతో కళకళలాడే మనిషే అయ్యుంటుందని ఆమె లెక్క. రంగుకీ మొగుడికీ ముడిపెట్టిన లోకంలో ఇంకోలా తోచదు.

"పెద్దమ్మా, ఈ బొంత సారెలో పెట్టి పంపాల మీరు. ఏ ముత్తైదువ చెయ్యో గానీ చానా బాగుంది," అంది మా నాయనమ్మతో.

నాయనమ్మ నిక్షేపంగా అబద్ధమాడింది.

"మా కోడలు కుట్టింది."

అమ్మ తల దించుకుంది. వెనక గది తలుపు వారగా మేనత్త తెల్లచీర కొంగు కనబడుతోంది. కాల్చినా ఊరుకునేదాన్నేమో గానీ, ఇంకొకరి పేరు పెట్టేసరికి నా నోరు ఆగలేదు.

"కాదు! మా మేనత్త కుట్టింది. ముక్కలు నేను తెచ్చా. అది అత్త కప్పుకునే బొంత."

మేనత్త ఎవరో వాళ్ళకి తెలుసు. సంబంధం మాట్లాడినప్పుడే అన్నీ విచారించుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి బొంత అంచు చటుక్కున వదిలేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నేను చచ్చేదాకా మరిచిపోను. మా నాయనమ్మ ఆ ముసలామె ఒళ్ళో ఉన్న బొంతను గుంజుకుని పెరటి వైపు నడిచింది. నీళ్ళపొయ్యి అప్పటికే భగభగా మండుతోంది.

మేనత్త గడప దాటింది. పెళ్ళింట, అందరి ముందుకీ, పొద్దున్నే ఎదురొచ్చి బొంత రెండో కొస పట్టుకుంది.

"వదులమ్మా. చినిగిద్ది."

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే బయటికొస్తావటే?"

"వచ్చా. ఇది నాది, నేను కుట్టుకున్నా. నచ్చితే కప్పుకోండి, నచ్చకపోతే నాకియ్యండి. పొయ్యిలో మాత్రం పెట్టనియ్యను."

ఇద్దరూ వదల్లేదు. అప్పుడు వసారాలోంచి పెళ్ళికొడుకు నాయనమ్మ లేచింది. రాత్రి ఎవరూ ఆమెను సరిగ్గా చూడలేదు, పొద్దున అందరి కళ్ళూ బొంత మీదే ఉన్నాయి. ఆమెదీ తెల్లచీరే, ఆమెదీ బోసి నుదురే. వచ్చి తన కోడలు, పెళ్ళికొడుకు తల్లి ముందు నిలబడింది.

"ఏమే, ఇది రాత్రంతా నేను కప్పుకున్నా. పొద్దున నా ఒంటిమీద చూసే గదా సారెలో పెట్టమన్నావు. నేనెవర్ననుకున్నావే? మీ మామ పోయి ఎన్నేళ్ళయింది?"

ముసలామె మా నాయనమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, బొంతను మేనత్త చేతుల్లో పెట్టింది.

"ఏమ్మాయ్, ముక్కలింకా ఉన్నయ్యా?"

"గోతం నిండా ఉన్నయ్," అంది మేనత్త.

"తీసకరా. నాకూ ఒకటి కావాల. ఎర్రవి ఎక్కువ పెట్టు."

వెనక గదిలో కూర్చుని కుడదామనుకుంది మేనత్త. ముసలామె ఒప్పుకోలేదు, చీకట్లో తనకి సూది కనబడదంది. లోపల మేళం మోగుతుంటే వాళ్ళిద్దరూ ముందు వసారాలో, వచ్చేపోయే జనమంతా చూస్తుండగా, నాపరాళ్ళ మీద చీర పరిచి కూర్చున్నారు. నేను అక్క పెళ్ళి సరిగ్గా చూడలేదు. ఇద్దరికీ దారం ఎక్కిస్తూ ఆ వసారాలోనే ఉన్నాను. తాళి కట్టాక అక్క తలుపు దగ్గరికి వచ్చి, తలంబ్రాల బియ్యం రాలుతున్న తలతోనే వంగి ఇద్దరి కాళ్ళకూ దణ్ణం పెట్టింది.

పెళ్ళివారు వెళ్ళేనాటికి రెండో బొంత సగమే అయింది. ముసలామె దాన్ని అలాగే చుట్టి, సూది అందులోనే గుచ్చుకుని బండెక్కింది. మేనత్త మిగిలిన ఎర్రముక్కలన్నీ ఏరి ఆమెకు మూట కట్టి ఇచ్చింది.

ఆ మర్నాడు మేనత్త తన బొంతను ఎండకి ఆరేసింది. పెరట్లో కాదు, వీధివైపు గోడమీద, రంగులు బజారుకి కనబడేలా. నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నేను వెళ్ళి పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె తెచ్చి ఆమె చేతికిచ్చాను.

ఆమె దాన్ని కాసేపు పట్టుకుని, బొడ్లో దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది.