అంకుల్ చెయ్యి ఊపేదాకా...

మా చిన్నప్పుడు పొద్దున్నే స్కూలుకి వెళ్లాలంటే ముందు గోడకి ఆనుకుని నిలబడాలి... డాలస్ శివార్లలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో. నేనూ, పక్కింటి ఎఫువా.

మమ్మల్ని రోజూ దింపేది వాళ్ల నాన్నే. ముందు ఆయనొక్కరే వెళ్లి, వంగి కారు కింద చూసేవారు. ఎక్కి స్టార్ట్ చేసేవారు. కాసేపు ఇంజిన్ నడిచాక చెయ్యి ఊపితే... ఇక మేం పరుగో పరుగు. ముందు డోర్ ముట్టుకున్నవాళ్లకి ఫ్రంట్ సీటు. మాకదో ఆట, వెర్రిమొహాలం.

ఒకరోజు అమ్మ బాల్కనీలోంచి చూసి, "అదేంటండీ, చలిలో పిల్లల్ని అంత దూరం నిలబెడతారు?" అని నాన్నని అడిగింది.

నాన్న గొంతు తగ్గించారు. "పశ్చిమ ఆఫ్రికాలో వాళ్ల దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయన మినిస్టరు. తర్వాత మిలిటరీ వాళ్లు గవర్నమెంట్‌ని పడగొట్టి ఈయన్ని జైల్లో పెట్టారు. ఎలాగో బయటపడి ఇక్కడికొచ్చి, మా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నారు. ఆయనతోపాటు పారిపోయిన ఫ్రెండ్ ఒకాయన, ఇంకో దేశంలో కారు స్టార్ట్ చేస్తే కింద బాంబు పేలి..."

"మరి మన పిల్లని..." అంది అమ్మ. "అందుకేగా ఆయన ముందు ఎక్కుతున్నది" అన్నారు నాన్న. మర్నాటి నుంచి ఇంజిన్ చప్పుడు వినపడేదాకా అమ్మ బాల్కనీ వదిలేది కాదు.

ఒక ఉదయం అంకుల్ ఈల వేసుకుంటూ వచ్చారు. కారు కింద చూడలేదు. "రండి, ఎక్కండి" అని మమ్మల్ని తనతోపాటే తీసుకెళ్లారు. వాళ్ల దేశంలో మిలిటరీ వాళ్లు గద్దె దిగిపోయారట, ఎలక్షన్లట, పార్టీని నడిపించడానికి ఆయన్ని రమ్మన్నారట. "ఇక భయం లేదు" అన్నారు. నాకైతే ఆట పోయిందని ఏడుపొచ్చింది.

అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ పట్టుకుని అంకుల్ వాళ్ల దేశం వెళ్లారు. గెలిచారు కూడా, ప్రధానమంత్రి అయ్యారు. పేపర్లో పడ్డ ఆయన ఫోటో ఎఫువా స్కూలంతా తిప్పింది. సెలవులివ్వగానే తల్లీకూతుళ్లు అక్కడికి వెళ్లిపోవాలి. అప్పటిదాకా ఆంటీ దింపేవారు. అందరం కలిసే కారెక్కేవాళ్లం...

సెలవులింకా రాలేదు. ఒక పొద్దున ఆంటీ కళ్లు వాచిపోయి ఉన్నాయి. గోడ వైపు చూపించి, "అక్కడ నిలబడండి" అన్నారు. వంగి కారు కింద చూశారు.

ఎఫువా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆంటీ చెయ్యి ఊపినా మేం పరిగెత్తలేదు.

మిలిటరీ వాళ్లు మళ్లీ వచ్చారని, అంకుల్‌ని కాల్చేశారని సాయంత్రం నాన్న చెప్పారు.

ఇప్పుడు నేను కిచెన్‌లో కాఫీ తాగుతూ ఫోన్‌తోనే కారు స్టార్ట్ చేస్తాను. మా పిల్లలకి గోడలూ లేవు, పరుగులూ లేవు... తీరిగ్గా వచ్చి కూర్చుంటారు. నేను మాత్రం ఇంజిన్ చప్పుడు వినేదాకా వాళ్లని గుమ్మం దాటనివ్వను.

మీ పెద్దవాళ్ల భయం మీకూ ఎప్పుడైనా ఆటలా కనిపించిందా... ఉంటే చెప్పండి, వింటాను.