ఫ్యామిలీలకు మాత్రమే

కడపలో ఒంటిగది కోసం తిరిగిన ఆ రెండు వారాల్లో నాకొక సంగతి తెలిసింది. ఇల్లు కట్టుకున్న ప్రతి మనిషీ తనను తాను జడ్జి అనుకుంటాడు. మేడ మీద రేకుల షెడ్డు కూడా వేసుకున్నవాడైతే హైకోర్టు జడ్జి.

నేనడిగింది పెద్ద ఇల్లేమీ కాదు. ఒక గది, మూలన స్టవ్ పెట్టుకునే గట్టు, సొంత బాత్రూం, ప్రైవేటు బడి టీచరు జీతానికి అందే బాడుగ. మొగుడితో తెగతెంపులయ్యాక నేను లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. ఆరేళ్ళ నా కూతురు కమలాపురంలో మా అన్న ఇంట్లో ఉంటోంది. బడులు తెరిచేలోగా గది దొరికితే పాప నా దగ్గరికి వస్తుంది. దొరక్కపోతే ఇంకో ఏడాది నేను ఆదివారాలు మాత్రమే అమ్మను.

ఎక్కడ చూసినా టూలెట్ బోర్డు కింద 'ఫ్యామిలీలకు మాత్రమే' అని ఉండేది. నేనూ నా కూతురూ ఫ్యామిలీ కాదని మొదటి ఓనరు నిమిషంలో తేల్చేశాడు. "మీ ఆయన యాడ పంజేస్తాండాడమ్మా?" అన్నాడు. కలిసి లేమన్నాను. "మాకేం లేదమ్మా, వీధిలోవాళ్ళే ఒకమాదిరిగా చూస్తారు" అని తలుపు సగం మూశాడు. వీధిలో అప్పుడు ఒక బర్రె తప్ప ఎవరూ లేరు.

రెండో ఆయన ఫోన్లో 'స్టూడియో అపార్ట్‌మెంట్' అన్నాడు. పోయి చూస్తే వాటర్ ట్యాంకు కింద నాలుగు గోడలు. చేతులు చాస్తే రెండువైపులా సున్నం అంటుకుంది. ఆ గూటిక్కూడా నేను పనికిరాలేదు. "మొగదిక్కు లేకుంటే రేపు మోటరు చెడిపోతే ఎవురు చూస్తారు?" అన్నాడు. మోటరు ఆయనదట, దాన్ని చూసుకోవడానికి మొగుణ్ణి నేను తెచ్చుకోవాలట.

మూడో ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. "పెండ్లయిందా?" అని అడిగింది. అప్పటికి నాకు ఒళ్ళు మండిపోయి ఉంది.

"కాలేదు" అన్నాను, కళ్ళార్పకుండా. "మా అన్న కూతుర్ని నా దగ్గర పెట్టుకొని చదివిద్దామని."

ఆమె మొహం వెలిగిపోయింది. "శానా మంచి మనసమ్మా నీది. ఈ కాలంలో ఎవురు చేస్తాండారు ఇట్ల?" అంటూ బాడుగ కూడా కొంచెం తగ్గించింది. కొళాయి వచ్చే అరగంటలో పాప కోసం రెండు బిందెలు ఎక్కువ పట్టుకోమంది. కూతురుగా కడపలో ఎక్కడా చోటు లేని పిల్ల, మేనకోడలు కాగానే నీళ్ళతో సహా ఇల్లు సంపాదించింది.

పాపకు బస్సులోనే పాఠం చెప్పాను. మెట్ల మీద, వాకిట్లో, కొళాయి దగ్గర నేను అత్తను. గది తలుపు మూశాక అమ్మను. పిల్ల చురుకైంది, ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతమంది జడ్జీలను బోల్తా కొట్టించానని నేను లోలోపల తెగ మురిసిపోయాను.

మొన్న పొద్దున నీళ్ళు పట్టే హడావిడిలో పాప తడిమెట్ల మీద జారిపడింది. మోకాలు చీరుకుపోయింది. దెబ్బ తగిలితే ముసలివాళ్ళు కూడా 'అమ్మా' అనే అరుస్తారు. నా కూతురు "అత్తా" అని అరిచింది.

బిందె వదిలేసి పరిగెత్తి ఎత్తుకున్నాను. టీచరమ్మ పసుపు పట్టుకొని వచ్చింది. "కన్నతల్లిని కూడా తలుచుకోలేదు చూడు, నువ్వంటే అంత పానం" అని కళ్ళు తుడుచుకుంది. చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఇన్నాళ్ళూ ఊరందరినీ వెక్కిరిస్తూ తిరిగాను. వాళ్ళకు నచ్చినట్టు నోరు మూసుకోవడం పిల్లకు నేర్పింది మాత్రం నేనే.

"నేను అత్తను కాదమ్మా" అన్నాను. "నేను దీని..."

మాట పూర్తికాలేదు. పాప ఏడుపు ఆపేసి, తడిచేత్తో నా నోరు మూసింది.