గాలిపెద్ద చదివిన పుస్తకం

బిష్కెక్‌కి దక్షిణపు కొసన, వంటింటి కిటికీలోంచి మంచుకొండలు కనబడే పేటలో, ఒక అయిదంతస్తుల పాత భవనానికి తెమిర్కుల్ ఇంటిపెద్ద. భవనం ఆయనది కాదు. అందులో కాపురముండేవాళ్లంతా కలిసి ఎన్నుకున్న పెద్ద. ఎన్నుకున్నారనడం కూడా పెద్దమాటే. ట్రాలీబస్ డిపోలో బళ్ల రాకపోకల వేళలు చూసే ఉద్యోగం నుంచి ఆయన రిటైరైన ఏడాది సమావేశం పెట్టి, "ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. ఆయనొక్కడే తలెత్తి ఉన్నాడు. తల దించుకోవాలని తనకి తోచలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

డిపోలో బస్సుల్ని నడిపించినట్టు ఇక్కడ మనుషుల్ని నడిపించడం మొదలుపెట్టాడు. మెట్లదారి గోడలమీద నోటీసులు వెలిశాయి. తివాచీలు ఆదివారంనాడు దులపరాదు. వసారాలో దోసకాయలు ఊరవేయరాదు. తలుపు మూసేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని మూయవలెను, వదిలేయరాదు. ప్రతిదాని కిందా ఒకటే సంతకం: "గౌరవంతో, మీ మేలు కోరే ఇంటిపెద్ద." మెట్లెక్కేముందు కింద నిలబడి గట్టిగా దగ్గేవాడు. తను వస్తున్నట్టు ముందే తెలియడం మర్యాద అని ఆయన ఉద్దేశం. ఆ దగ్గు వినగానే పైన రేడియోలు ఆగిపోయేవి, తలుపులు గడియపడేవి. చూశావా ఎంత క్రమశిక్షణ వచ్చిందో అని భార్య అసిల్కాన్‌కి చెప్పి మురిసేవాడు.

మెట్లదారి కిటికీలకి కొత్త అద్దాలు వేయించి, అవి తెరుచుకునేలా చేసినప్పటినుంచి జనం ఆయన్ని "గాలిపెద్ద" అంటున్నారు. ఒకసారి పెరట్లో పిల్లలు "గాలిపెద్దొస్తున్నాడురోయ్!" అని పరిగెడుతుంటే ఆయన చెవిన పడింది. కిటికీల పుణ్యమా అని తనకొక బిరుదు దక్కిందనుకున్నాడు. ఆ ఏడు వసంతంలో నౌరూజ్ పండక్కి పెరట్లో బల్లలు వేసి అందరూ కూర్చున్నప్పుడు లేచి, గ్లాసు పట్టుకుని, "మీరు ప్రేమగా గాలిపెద్ద అని పిలుచుకుంటున్నారు. ఆ పేరుకి తగ్గట్టుగా ఉంటానని మాటిస్తున్నాను," అన్నాడు. చప్పట్లు ఆగకుండా మోగాయి. రెండో గుమ్మం షార్షెన్ నవ్వాపుకోలేక బల్లకిందికి దూరి, పడిపోయిన చెంచా వెతుకుతున్నట్టు నటించాడు. మనవాడికి ఆనందబాష్పాలు అనుకున్నాడు తెమిర్కుల్.

ఇక ఆ పుస్తకం సంగతి. రెండో అంతస్తులో రయీసా పావ్లోవ్నా అని పూర్వం గ్రంథాలయంలో పనిచేసినావిడ ఉంది. ఆవిడ ఆయన పుట్టినరోజుకి ఒక నవల ఇచ్చింది. ఎప్పుడో రాబోయే కాలంలో, మనుషులంతా ఒక గాజు గోపురం కింద బతికే నగరం కథ. "తప్పకుండా చదవండి," అంది. ఆ తర్వాతి ఏడు నాలుగో అంతస్తు టీచరమ్మ అదే పుస్తకం ఇచ్చింది. ఆ మరుసటేడు షార్షెన్ ఇచ్చాడు. అసిల్కాన్ కూడా తీసుకుని చదివి, వంటింట్లో ఒక్కతే నవ్వుకుని, "నువ్వు చదివితీరాలయ్యా," అంది. దారిలో ఎదురైనవాళ్లు కూడా "బైకే" అని అన్నగారి వరసలో పలకరించి, "ఆ నవల చదివారా?" అని అడిగేవాళ్లు.

ఎవరు చెప్పినా ఆయన జవాబొకటే. "నేను డిపో కప్పుకింద ముప్పయ్యేళ్లు చేశాను. గోపురం కింద బతకడమంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పాలా?" అదీగాక సైన్సు కథలంటే ఇనుప మనుషులు, ఎగిరే పళ్లేలు, పిల్లల వ్యవహారం. ఒక ప్రతి బీరువా కాలుకింద చేరింది. ఇంకొకటి బాల్కనీలో కాబేజీ ఊరేసిన జాడీమీద బరువుకి. మూడోది అలాగే రంగు కాగితంలో ఉండిపోయింది. అయినా ఇంతమంది తనకే ఎందుకు చెబుతున్నారన్న ప్రశ్నకి ఆయన దగ్గర సమాధానం ఉంది. ఈ ఇంట్లో ఆలోచించే మనిషి తనొక్కడేనని వాళ్లకి తెలుసు, అంతే.

అలా ఏళ్లు గడిచాక ఒక జనవరిలో గడ్డకట్టే చలి. మెట్లు శనివారం శనివారం నీళ్లు పోసి కడగవలెనని ఆయన నోటీసు అంటించాడు. "ఈ చలిలో నీళ్లా బైకే?" అని షార్షెన్ అడిగితే, "శుభ్రతకి రుతువులుండవు," అన్నాడు. కడిగారు. నీళ్లు అద్దంలా పేరుకున్నాయి. కడిగారో లేదో చూద్దామని మొట్టమొదట దిగినవాడు తెమిర్కుల్. మూడో మెట్టుమీద కాలు పెట్టాడు, మిగతా మెట్లు వీపుతో దిగాడు. చీలమండ విరిగింది.

కాలికి సిమెంటు కట్టుతో సోఫాలో పడ్డాడు. కొన్నాళ్లు కిటికీలోంచి పెరడు చూసి, ఎవరు చెత్త ఎక్కడ వేస్తున్నారో అసిల్కాన్‌కి చెబుతూ వచ్చాడు. ఆవిడ సోఫాని గోడవైపు తిప్పేసింది. రంగు కాగితం చింపి పుస్తకం ఆయన పొట్టమీద పెట్టింది.

"చదువుతావా, నన్ను మా చెల్లెలింటికి పొమ్మంటావా?"

చదివాడు. మొదటి అధ్యాయమంతా గొణుక్కుంటూ చదివాడు. రెండో అధ్యాయంలో అంతస్తులన్నీ తిరిగే ఒక అధికారి వస్తాడు. గోపురం కింద గాలి తక్కువ కాబట్టి, ఎవరు ఎంత పీలుస్తున్నారో చూసేవాడు. తలుపులదగ్గర చెవిపెట్టి, ఎవరైనా దీర్ఘంగా నిట్టూరిస్తే తట్టి చెప్పేవాడు. గోడలమీద చీటీలు అంటించేవాడు: "దయచేసి అవసరమున్నప్పుడే నిట్టూర్చగలరు." నడుముకి తాళంచెవులగుత్తి కట్టుకుని, తను వస్తున్నట్టు తెలియాలని దాన్ని ఆడిస్తూ నడిచేవాడు. గాలి కోసమని కిటికీ అద్దం పగలగొట్టిన ఒక పిల్లమీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచేవాడు.

తెమిర్కుల్ లేచి కూర్చున్నాడు.

"ముసలీ! ఇటు రా. ఈ రాసినవాడెవడోగానీ బుర్రున్నవాడు. ఇదిగో, ఈ అధికారి ఉన్నాడే, ఏం మనిషి! అంత పెద్ద నగరంలో బాధ్యత తెలిసినవాడు ఒక్కడు. హీరో అంటే ఇలా ఉండాలి."

అసిల్కాన్ గదిలో బల్లదగ్గర, మాంసం కూరి ఆవిరిమీద ఉడికించే మాంతీలకి పిండి ఒత్తుతోంది. కర్ర ఆగిపోయింది.

"హీరో ఆయన కాదు."

"మరెవరు?"

"ఆ కిటికీ పగలగొట్టిన పిల్ల."

"ఆ అల్లరిదా? అద్దం ఖరీదెంతో తెలుసా దానికి? ఉండు, ముందు ముందు ఈయన చేతిలో ఎలా బుద్ధి తెచ్చుకుంటుందో చూడు."

అసిల్కాన్ పిండి చేతులతో పమిటలాంటి తలగుడ్డ నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు అనవసరంగా చప్పుడయ్యాయి.

మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదలెట్టాడు. అధికారి పక్షాన నిలబడి చదివాడు. ఆయన చీటీ అంటించిన చోటల్లా "శభాష్" అన్నాడు. రాసినవాడి భాష కాస్త వంకరగా ఉందని, అధికారిమీద గౌరవం చాలడం లేదని అక్కడక్కడా అనుమానం వచ్చింది. తర్జుమా చేసినవాడి తప్పనుకున్నాడు. అలా చదువుతూ చదువుతూ ఒక చోటికొచ్చాడు. గోపురం కింది వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. తాళంచెవుల చప్పుడు వినబడింది. ఒక పిల్లవాడు మిగతావాళ్లకి చెబుతున్నాడు: "పారిపోండర్రా, గాలిపెద్దొస్తున్నాడు!"

తెమిర్కుల్ ఆ వాక్యం మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివాడు. అట్ట తిప్పి ఈ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూశాడు. తను కిటికీలు వేయించడానికి చాలా ముందే.

తన చెవిన పడ్డవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పిల్లల పరుగు. ఆగిపోయే రేడియోలు. షార్షెన్ వెతికిన చెంచా. అన్నిటికంటే, గ్లాసు పట్టుకుని తను చెప్పిన మాట. ఆ పేరుకి తగ్గట్టుగా ఉంటానన్న మాట! సోఫాలో ఉన్నచోటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అసిల్కాన్!"

ఆవిడ వచ్చింది. ఆయన వేలు పేజీమీద ఎక్కడుందో చూసింది. దాచడానికి ఏమీ లేదని తెలిసిపోయింది.

"అందరికీ తెలుసా?"

"తెలుసు."

"కింద కిరాణా కొట్టావిడకి?"

"ఆవిడ పక్క వీధిలో వాళ్లకి కూడా చెప్పింది."

"నీకు తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"ఎనిమిదేళ్లుగా చదవమని చెబుతూనే ఉన్నాను కదయ్యా," అంది అసిల్కాన్. "ఇంకెలా చెప్పను?"

తెమిర్కుల్ పుస్తకం విసిరేద్దామనుకున్నాడు. విసిరితే తెచ్చుకోవడానికి లేవలేడు, ఆవిణ్ణే అడగాలి. ఆ ఆలోచనతో విసరడం మానుకున్నాడు. కోపం మాత్రం మానలేదు. రయీసా పావ్లోవ్నాని పిలిపించాడు. ఆవిడ కోరిందపళ్ల జామ్ సీసాతో వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు మొదటిసారి ఇచ్చినప్పుడు కూడా ఎగతాళికేనా?" అని అడిగాడు.

"అయ్యో, కాదు తెమిర్కుల్ సదీకొవిచ్. నేనా పుస్తకం అందరికీ ఇస్తాను. పళ్ల డాక్టరుకి కూడా ఇచ్చాను."

"మరి రెండోది? టీచరమ్మతో ఇప్పించింది ఎవరు?"

ఆవిడ జామ్ సీసా మూత బిగించి ఉందో లేదో చూసుకుంది. "నా కుట్టుమిషన్ చప్పుడుమీద మీరు నోటీసు పెట్టారు గుర్తుందా? ఆ వారం."

"నేను మీ మేలుకోరే..."

"అదే. అక్కడా అలాగే సంతకం పెడతాడు. ఎంతవరకు చదివారు?"

"సగం."

"చివరిదాకా చదవండి. ఆ తర్వాత నన్ను తిట్టండి, పడతాను," అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తలుపు చేత్తో పట్టుకుని, మెల్లిగా, చాలా మెల్లిగా మూసింది. ఆ మూయడంలో ఉన్నంత వెటకారం ఆయన జన్మలో ఎరగడు.

రెండ్రోజులు పుస్తకం ముట్టుకోలేదు. మూడోరోజు పట్టలేక తీశాడు. కథ చివర్లో ఆ పిల్ల గోపురాన్ని పగలగొడుతుంది. బయట గాలి లేదన్నది అబద్ధం. కావలసినంత గాలి ఉంది, గడ్డి ఉంది, వర్షం కూడా పడుతోంది. జనమంతా పరిగెత్తి వెళ్లిపోతారు. గాలిపెద్ద మాత్రం వెళ్లడు. పగిలిన గోపురం ద్వారం దగ్గర స్టూలు వేసుకుని, తాళంచెవులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరైనా ఏదైనా మరిచిపోయి వెనక్కొస్తే తలుపు తీసేవాళ్లు ఉండాలి కదా అని. ఎవరూ రారు. వానకి గోడమీద చీటీలు ఒక్కొక్కటే ఊడి కిందపడుతుంటే వాటిని ఏరి, ఆరబెట్టి, అంచులు సరిచేసి దొంతరగా పెడతాడు.

అసిల్కాన్ టీ తెచ్చేసరికి తెమిర్కుల్ ముక్కు చీదుతున్నాడు.

"ఉల్లిపాయలు తరుగుతున్నావా ఏమిటి?" అన్నాడు.

"తరిగి, వండి, నువ్వు తిని కూడా అయింది," అంది ఆవిడ. పక్కన కూర్చుని, పియాలాలో టీ పోసి ఆయన చేతిలో పెట్టింది. "ఎవడైనా ఒకడు వెనక్కి రావలసింది, పాపం. నేను చదివినప్పుడూ అనుకున్నాను."

"నువ్వు నవ్వావు."

"నవ్వాను. ఆ పేజీ దగ్గర కాదు."

మార్చి మొదట్లో కట్టు విప్పారు. చేతికర్రతో మొదట చేసిన పని, మెట్లదారి నోటీసులన్నీ పీకడం. అన్నీ పీకాక గోడ బోసిగా కనబడింది. ఇంటికెళ్లి ఒక కాగితంమీద అందంగా రాశాడు: "ఇందుమూలముగా నోటీసులన్నియు రద్దు చేయబడినవి." తెచ్చి అంటించి, ఒకడుగు వెనక్కేసి, వంకరగా ఉందేమోనని చూసుకుంటుండగా తనేం చేస్తున్నాడో తెలిసి, గబుక్కున చింపి జేబులో కుక్కుకున్నాడు. షార్షెన్ అప్పుడే మెట్లెక్కుతున్నాడు.

"ఏంటి బైకే, గోడలు నున్నగా ఉన్నాయి? ఒంట్లో బాగుందా?"

"చదివాను," అన్నాడు తెమిర్కుల్.

షార్షెన్ ముఖం పాలిపోయింది. "ఏది?"

"అదే. నువ్విచ్చిందే. చివరి అధ్యాయం ఎలా ఉంది నీకు?"

షార్షెన్ నీళ్లు నమిలాడు. "చివరి అధ్యాయమా... బానే... అంటే బైకే, నిజం చెప్పాలంటే నేను చదవలేదు. రయీసా పావ్లోవ్నా చెప్పింది, నేనందుకున్నాను. పేరు బావుంది కదా అని."

"చదవకుండానే ఇన్నేళ్లూ నన్నా పేరుతో పిలిచావా?"

"పిలవడానికి చదవాలా?"

తెమిర్కుల్‌కి నవ్వొచ్చింది. గోడకి ఆనుకుని, కర్ర కిందపడేదాకా నవ్వాడు. అప్పుడే వెనక్కెళ్లి జాడీమీది ప్రతిని తుడిచి, కాబేజీ వాసనతో సహా షార్షెన్ చేతిలో పెట్టాడు. "తప్పకుండా చదువు," అన్నాడు. ఆనాటినుంచి ఎదురైనప్పుడల్లా "ఎంతవరకు వచ్చావ్?" అని అడుగుతున్నాడు. షార్షెన్ ఇప్పుడు ఆయన కంటబడకుండా ఇంకో గుమ్మంలోంచి చుట్టు తిరిగి వెళ్తున్నాడు.

నౌరూజ్ నాడు పెరట్లో తెమిర్కులే లేచి తన కథంతా చెప్పుకున్నాడు. మెట్లు కడిగించడం, వీపుతో దిగడం, గాలిపెద్దని హీరో అనుకోవడం, అన్నీ. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. తర్వాత పెద్దరికం వదులుకుంటున్నానన్నాడు. ఇంకెవరైనా తీసుకోండి అన్నాడు. అందరూ మళ్లీ నేలచూపులు చూశారు. ఈసారి ఆయన కూడా చూశాడు. కానీ ముందుగా తలెత్తింది ఆయనే. అలవాటులేని పని, మెడ పట్టేసింది.

కాబట్టి ఆయనే పెద్ద. నోటీసులు మాత్రం లేవు. చెప్పవలసిందేదైనా ఉంటే తలుపు తలుపూ తట్టి నోటితో చెబుతున్నాడు. ప్రతి ఇంట్లో కూర్చోమంటారు, టీ పోస్తారు, నూనెలో వేయించిన బోర్సోక్‌లు పెడతారు, అల్లుడిమీద ఫిర్యాదు చేస్తారు. మురుగు గొట్టం బాగుచేసే సంగతి మొదటి అంతస్తులో మొదలుపెడితే అయిదో అంతస్తు చేరేసరికి వారం గడుస్తోంది. ఈలోగా గొట్టం కారుతూనే ఉంటోంది.

మొన్న రయీసా పావ్లోవ్నా తలుపు తీసి, ఆయన్ని చూసి, కుట్టుమిషన్ వైపు వెనక్కి తిరిగి చూసి, నిట్టూర్చింది.

"మళ్లీనా తెమిర్కుల్ సదీకొవిచ్? మునుపే నయం. మీరు కాగితం అంటించేవారు, మేం చదివేవాళ్లం కాదు, అందరికీ హాయిగా ఉండేది."

"గొట్టం గురించండీ," అన్నాడు ఆయన, చెప్పులు విప్పుతూ. "ఒక్క నిమిషం."